క్లిప్పుకు బదులు పట్టుదారం

మేకు మొదలుకొని మోకు వరకు మా అంగడిలో దొరకని సామాను లేదు. ధర్మవరంలో మా వీధి వాళ్లకు ఇనుప సామాన్ల అంగడి అంటే మాదే. మా ఇంటాయన గోపాలయ్య గల్లాపెట్టె ముందు కూర్చుని కునుకు తీస్తాడు. బేరమూ తగవూ నా వంతు. కన్యకమ్మకు నోరెక్కువ అని వీధిలో పేరు. ఉంటే ఉండనీ, నోరు లేకుండా ఇనుము అమ్ముకుని బతకగలమా? ఆ నోటితో నేను అందరికంటే ఎక్కువ తిట్టింది మా ఆయన్ని కాదు, మా అంగడికి నాలుగిళ్ల అవతల ఉండే నేతగాడు అంజినప్పని. ఇప్పుడు ఆయన ఎదురుపడితే నాకు ఒక్క మాట పెగలదు.

అంజినప్ప మనిషి పొడుగు, మాట పొట్టి. ఆయన భార్య నాగలక్ష్మమ్మ మనిషి పొట్టి, మాట పొడుగు. వాళ్లు నేసేది పెద్ద అంచు పట్టుచీరలు. ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు కాబట్టి అలాంటి చీర ఒక్కరి చేతుల మీద నడవదు. మగ్గం నడుమ కూర్చున్నవాడు పడుగులోంచి ఒంటి దారం విసురుతుంటే, పక్కన కూర్చున్న ఇంకో మనిషి అంచు దారం అందుకుని తిరిగి విసరాలి. వేరే ఇళ్లలో ఆ రెండో చెయ్యికి కూలి మనిషిని పెట్టుకుంటారు. అంజినప్ప ఇంట్లో పెళ్లయిన వారం నుంచీ ఆ చోటు నాగలక్ష్మమ్మది. పొద్దున కూర్చుంటే ఆమె వీధి కథలన్నీ చెబుతూ విసిరేది, ఆయన "ఊ" అంటూ విసిరేవాడు. ఆ "ఊ" తప్పితే మగ్గం ఆగిపోతుందని నేను ఎగతాళి చేసేదాన్ని. పిల్లలు కలగలేదు. ఆ బాధ వాళ్లిద్దరూ ఎక్కడ దాచుకున్నారో నాకు తెలియదు, మగ్గం దగ్గర మాత్రం ఎప్పుడూ కనబడలేదు.

తర్వాత మా వీధిలోకి మరమగ్గాలు వచ్చాయి. ఒకదాని తర్వాత ఒకటి చేతిమగ్గాల గుంతలు పూడ్చేసి పైన బండలు పరిచారు. అంజినప్పను కూడా షెడ్డుకు రమ్మన్నారు. ఆయనకు ఒక షెడ్డులో మిషన్ల దగ్గర, ఆమెకు ఇంకో షెడ్డులో కండెలు చుట్టే దగ్గర పని ఇస్తామన్నారు. ఈయన ఒప్పుకోలేదు.

"ఏమప్పా, అందరూ పోతాండారు, నీకేమి కొమ్ములుండాయా?" అని నేనే అడిగాను.

"అది ఒక తావ, నేనొక తావ కూసోని చేసేది కూలి అయితాది గానీ నేత యాడయితాది శెట్టెమ్మా?" అన్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట నేను వినడం అదే మొదలు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. పక్కపక్కన కూర్చుని నేయడం ఒక్కటే ఆయనకు కావలసింది. దానికోసం ఏం చేయడానికైనా సిద్ధపడ్డాడు, కడకు మగ్గానికి చక్రాలు తగిలించడానికి కూడా.

అవును, చక్రాలే. ఆ ఆలోచన నాగలక్ష్మమ్మది. పుట్టపర్తిలో ఒక పెళ్లి మంటపం వాళ్లు చుట్టాలకు వేడుకగా ఉంటుందని వీళ్లను మగ్గంతో సహా పిలిచారు. వచ్చినవాళ్లు గుమిగూడి చూశారు, చూసిన చోటే చీరలు అడిగారు. కానీ మగ్గం విప్పి వ్యానెక్కించి అక్కడ మళ్లీ బిగించేసరికి పడుగు చిక్కుపడి, ఆ చిక్కు తీయడానికి తలప్రాణం తోకకొచ్చింది. "మగ్గాన్ని విప్పకుండానే ఈడ్సుకోని పోతే?" అని ఆమె అంది. దాంతో పాత సుమో కారు ఒకటి కొన్నారు. వెల్డింగ్ షాపు మారుతి రెండు చక్రాల ట్రాలీ చేసి, దాని మీద చిన్న మగ్గాన్ని బోల్టులతో బిగించి, పైన రేకు కప్పు వేశాడు.

ట్రాలీని లాగాలంటే కారు వెనక కొక్కెం బారు, అంటే కొనన గుండు ఉన్న ఇనుప కడ్డీ కావాలి. శాశ్వతంగా వెల్డింగ్ చేసేస్తే మా ఇరుకు వీధిలో దారిన పోయే వాళ్ల మోకాళ్లు పగులుతాయి. అందుకని తీసి పెట్టుకునే బారు చేశాడు మారుతి. కారు అడుగున చాసీకి ఒక చదరపు గొట్టం వెల్డింగ్ చేసి, బారు అందులో దూరేట్టు పెట్టాడు. పని లేనప్పుడు తీసి ఇంట్లో మేకుకు తగిలించుకోవడానికి బారుకే ఒక రింగు కూడా పెట్టాడు. పిన్ను, క్లిప్పు, గొలుసులు నా అంగడివే. బిగించే రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"సూడన్నా, ముందు గొట్టం లోపల మన్ను లేకుండా తుడువు," అని మారుతి చేసి చూపించాడు. "బారును కడదాకా తొయ్యి. బొక్కలు రెండూ ఎదురెదురుగా వస్తేనే పిన్ను దిగుతాది. పిన్ను దిగితే పని అయిపోలేదు. దాని కొనకు ఈ క్లిప్పు ఎయ్యల్ల. క్లిప్పు లేకుంటే గతుకు గతుక్కీ జరిగి జరిగి ఊడొస్తాది. ఏసినాక రెండు చేతులా పట్టి లాగు. కదిలిందా, బండి తియ్యనే తియ్యొద్దు."

"ఈ గొలుసులు ఎందుకప్పా?" అని నాగలక్ష్మమ్మ అడిగింది.

"అన్నీ ఊడినా కడాకు మిమ్మల్ని కాచేటివి అవేక్కా. ట్రాలీ నుంచి తెచ్చి, చాసీ అడుగున రింగులుండాయి సూడు, ఆడ తగిలించల్ల. బారుకుండే రింగుకు తగిలించొద్దు. బారే ఊడిపోతే గొలుసు యాన్ని పట్టుకుంటాది?"

చాసీ రింగుకు తగిలించాలంటే నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాలి. అంజినప్ప పొడుగుకు అది కష్టం. నాగలక్ష్మమ్మ కొంగు నడుముకు చెక్కి, గబుక్కున దూరి, తగిలించి, ఒళ్లంతా దుమ్ముతో బయటకు వచ్చింది. "నా పొట్టితనం ఇన్నాళ్లకు పనికొచ్చింది సూడయ్యా," అని నవ్వింది. ఆ రోజు నుంచి గొలుసుల పని ఆమెదే.

ఇంకో పని కూడా ఆమెదే. ఎక్కడైనా ఎగువ దారిలో బండి ఆగితే దిగి ట్రాలీ చక్రం వెనక రాయి పెట్టడం. నా అంగడిలో దానికని కొయ్య దిమ్మెలు ఉన్నాయి, తీసుకోమన్నాను. చిత్రావతిలో ఏరుకొచ్చిన గుండ్రాయి ఒకటి పాత గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టుకుంది. "రాయి నా మాట ఇంటాదిలేక్కా," అంది. మళ్లీ కదిలేటప్పుడు ఆయన హారన్ కొడితే ఆమె రాయి తీసుకుని పరిగెత్తుకొచ్చి ఎక్కేది.

అలా తిరిగారు. కొత్తచెరువు, పుట్టపర్తి, ఒకసారి తాడిపత్రి, ఒకసారి ఏకంగా బెంగళూరు. ఎండకు నల్లబడి, ఒళ్లు హూనమై వచ్చేవాళ్లు. వచ్చీ రాగానే నాగలక్ష్మమ్మ మా అంగడి మెట్టు మీద కూర్చుని అక్కడి కథలన్నీ చెప్పేది. ఎవరో పెద్దింటామె చీరను కాక వీళ్లనే ఫొటో తీసుకుందట. "ఏమి అన్యోన్యమమ్మా మీది అనింది అక్కా. అన్యోన్యం లేకుంటే అంచు వంకర పోతాదమ్మా అని చెప్పినా," అంది. వెనక అంజినప్ప బారు ఊడదీస్తూ "ఊ" అన్నాడు. వాళ్లంత సుఖపడిన మనుషుల్ని మా వీధిలో నేను చూడలేదు. దేవుడికి కూడా కళ్లుంటాయి, అవి మంచివి కావు అని ఇప్పుడు అనుకుంటాను.

పోయిన దసరాకు ఆయుధపూజ చేసుకున్నారు. మా దగ్గర ఆ రోజు చేతిపనికి సంబంధించిన ప్రతి ముక్కా కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజలో పెడతారు. నేను తక్కెడలు, తూకపు రాళ్లు పెడతాను. వాళ్లు మగ్గానికి పూజ చేసి, ఈ బారు కూడా మనకు అన్నం పెడుతోంది కదా అని దాన్నీ ఊడదీశారు. బారు, పిన్ను, క్లిప్పు, గొలుసులు అన్నీ కడిగి, బొట్లు పెట్టి, చామంతి పూల మధ్య వరుసగా పేర్చారు. నేను పోయి హారతి కళ్లకద్దుకుని వచ్చాను. మరుసటి రోజు సాయంత్రం పూజ పూలన్నీ మూటగట్టి చిత్రావతిలో వేసి వచ్చారు. నీళ్లు లేవు కాబట్టి ఇసుకలోనే పోశారు. ఆ పూలలో వేలెడంత క్లిప్పు కలిసిపోయి వెళ్లింది. ఎవరూ చూసుకోలేదు.

ఆ మర్నాడు తెల్లవారి పుట్టపర్తికి వెళ్లాలి. మళ్లీ ఆ మంటపం వాళ్లే, పెద్ద పెళ్లి. ఆ పొద్దున జరిగింది నాకు అంజినప్పే చెప్పాడు. ఒకసారి కాదు, ఎన్నిసార్లో చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పినా ఒక మాట అటూ ఇటూ కాలేదు.

బారు దూర్చి పిన్ను వేశాడు. చూస్తే క్లిప్పు లేదు. ఇల్లంతా వెతికారు. నాగలక్ష్మమ్మ, "శెట్టెమ్మక్క అంగడి తెరిచేదాకా ఉండు. ఇనుముకు ఇనుమే ఎయ్యల్ల," అంది. "పెండ్లికి పొద్దయితాది," అని ఈయన మగ్గం మీదున్న పట్టు తీసుకున్నాడు. నాలుగు పేటలు చేసి, మెలిపెట్టి, పిన్ను కొన బొక్కలో దూర్చి ముడి వేశాడు. నేతగాళ్లకు పట్టు మీద ఉండే నమ్మకం ఇంకెవరికీ ఉండదు. దారం సన్నగా ఉంటుంది కానీ మనిషి వేలాడినా తెగదని మా వీధిలో ప్రతి ఇంట్లో అంటారు. నిజమే. లాగితే తెగదు. కానీ ఇనుము అంచుకు రాసుకుంటే? నులకైనా అంతే, పట్టయినా అంతే. నేనుంటే గొంతు చించుకుని చెప్పేదాన్ని. ముడి వేశాక లాగి చూశాడట. బారు కదల్లేదట. కదలకేం, అప్పుడే వేసిన ముడి.

ఇక గొలుసులు. నాగలక్ష్మమ్మ కొంగు చెక్కుకుని కారు కింద దూరబోయింది. పండక్కి ఆయన కొన్న కొత్త చీర కట్టుకుని ఉంది. మామిడిపిందె రంగు నూలు చీర. ఆమెకు పట్టు గరగర అని నచ్చదు, ఎప్పుడూ నూలే. "ఉండు, కొత్త చీర మాసిపోతాది. ఈపొద్దు నేను తగిలిస్తా," అన్నాడు ఈయన. ఆయనా తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. మన్నులో పడుకోవడానికి మనసొప్పలేదు. వంగకుండా, నిలబడే, చేతికందిన బారు రింగుకే గొలుసులు రెండూ తగిలించాడు. తగిలించినాడు కదా అని ఆమె చూడలేదు. పెళ్లయి ముప్పై ఏళ్ల తర్వాత భార్య చీర మాసిపోకూడదని అనుకునే మగవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి. ఆ ప్రేమే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. దీని మీద నాకు పిచ్చి కోపం వస్తుంది, ఎవరి మీద చూపించాలో తెలియదు.

నా అంగడి ముందు నుంచే పోయారు. హారన్ కొట్టారు కూడా. నేను పెరట్లో ఉన్నాను.

కొత్తచెరువు దాటాక ఒక రైల్వే గేటు ఉంది. దారి ఎగువకు ఉంటుంది. గేటు వేసి ఉంటే ఆగారు. ఎప్పటిలాగే నాగలక్ష్మమ్మ దిగి ట్రాలీ చక్రం వెనక రాయి పెట్టి, అక్కడే నిలబడింది. వెనక తాడిపత్రి నుంచి బండలు వేసుకొచ్చిన లారీ ఆగి ఉంది. దాని డ్రైవరు తిప్పేస్వామి పదకొండో రోజు కర్మకు వచ్చి, మా అంగడి మెట్టు మీద కూర్చుని నాతో చెప్పాడు.

"రైలు పోయిందమ్మా, గేటు లేసింది. కారాయప్ప హారన్ కొట్నాడు. ఈయమ్మ రాయి తీసింది. కారు ముందుకు పోయింది, ట్రాలీ పోలేదు. బారూ గొలుసులూ అన్నీ ట్రాలీతోనే ఉండిపాయె. అది మెల్లగా ఎనక్కి దొర్లబట్టింది. నా బండి ఆడనే ఉండాది. పక్కకు జరిగింటే ట్రాలీ వచ్చి నా బంపరుకు తగిలి నిలిచిపోతాండె. రేకు సొట్టబోతాండె, అంతే. జరుగు తల్లీ, జరుగు తల్లీ అని నేను అరిసినా. ఆయమ్మ రాయి మళ్లీ పెట్టబోయింది, దొర్లిపోయింది. అప్పుడు రెండు చేతులూ పెట్టి ఆపబట్టింది. మగ్గం, మగ్గం అనింది. నేను దిగేలోపల..."

పాపం ఆయనేం చేస్తాడు. ఆసుపత్రికి తీసుకుపోతుండగా దారిలోనే పోయింది. చివరికి అంజినప్పతో ఏమైనా చెప్పిందా అని వీధిలో చాలామంది అడిగారు. వీధి కథలన్నీ చెప్పిన మనిషి ఆ ఒక్కసారి ఏమీ చెప్పలేదు.

తర్వాత మారుతి గొట్టంలో టార్చి వేసి చూశాడు. బొక్క అంచుకు అంటుకుని ఎర్ర పట్టు పీచు కాస్త మిగిలి ఉంది. దారం రాసుకుని రాసుకుని తెగింది, పిన్ను జరిగి జరిగి గేటు ముందటి గతుకులో ఊడిపడింది. మారుతి ఆ పీచు చేతిలో పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. మగ్గానికి మాత్రం ఏమీ కాలేదు. ఒక్క పోగు తెగలేదు.

ప్రమాదం జరిగిన మరుసటి రోజు నాగలక్ష్మమ్మను ఇంటికి తెచ్చారు. భర్త ఉండగా పోయిన ఆడమనిషిని పసుపు కుంకుమలతో, పూలతో, కొత్త చీరతో సాగనంపుతాం. నేను అంగడి మూసి, బజారుకు పోయి చీర తెచ్చాను. అంజినప్ప దాన్ని చూడను కూడా చూడలేదు. లేచి, బయట నిలబెట్టిన ట్రాలీ ఎక్కాడు. మగ్గం మీద చీర ఒకటి చాలావరకు అయి ఉంది. ఒళ్లు, అంచులు నేశారు, కడాన కొంగు ఒక్కటే నేయాలి. చాకు తీసి పడుగుకు ఆనించాడు.

మా వీధిలో అందరికంటే పెద్ద నేతగత్తె చిన్నక్క పరిగెత్తి ఆయన చెయ్యి పట్టుకుంది. చీర మధ్యలో మగ్గం కోయకూడదు. కోస్తే ఆ ఇంట్లో మళ్లీ మగ్గం ఆడదని వాళ్ల నమ్మకం. "వద్దు నాయనా, కొంగు లేదు దానికి. మగ్గాన్ని సంపుకోవద్దు," అని బతిమాలింది.

"ఇదీ నేనూ కలిసి నేసింది ఇంతవరకే చిన్నక్కా," అన్నాడు అంజినప్ప. "మిగిలింది ఎవురితో నేయల్ల?"

కోశాడు. ఒక్కొక్క పోగూ తెగే చప్పుడు నాకు వినబడింది. పట్టు గరగర అని ఎన్నడూ కట్టని మనిషికి ఆ చీరే కట్టాం. చిన్నక్క అలవాటు కొద్దీ భుజం మీదికి వేయడానికి కొంగు కోసం తడిమింది. కొంగు ఉండాల్సిన చోట నేయని పడుగు పోగులు వేలాడుతున్నాయి. అంజినప్ప ఆ పోగుల్ని దగ్గరికి చేర్చి, జారిపోకుండా ముడి వేశాడు. నేనైతే అక్కడ నిలబడలేక బయటకు వచ్చేశాను.

కర్మలు అయ్యాక ఒక పొద్దున ఆయన చిత్రావతికి పోయి, ఎండిన పూజ పూలను చేత్తో కెలికి, క్లిప్పు వెతికి తెచ్చుకున్నాడు. కుంకుమ బొట్టు ఇంకా దాని మీదే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని నా నోటి చివరిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను. ఇప్పుడు మరమగ్గాల షెడ్డులో పనికి పోతున్నాడు. అక్కడ మిషన్ల హోరులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, అది ఆయనకు బాగానే ఉందట.

మొన్న మారుతి కబురు చేశాడు. కర్మలప్పటి నుంచి తన వెల్డింగ్ షాపులో ఉన్న ట్రాలీని తీసుకుపొమ్మని, చోటు చాలడం లేదని. అంజినప్ప అంగడికి వచ్చి నిలబడ్డాడు. చాలాకాలానికి తెల్ల చొక్కా వేసుకున్నాడు. "కొత్త పిన్ను ఒకటి ఇయ్యి శెట్టెమ్మా. తోడు కూడా రా," అన్నాడు. వెళ్లాను.

గొట్టం తుడిచాడు. బారు కడదాకా తోశాడు. పిన్ను వేసి, ఆ బొట్టు క్లిప్పు వేసి, రెండు చేతులా పట్టి లాగాడు. ట్రాలీ మూతిని బారు గుండు మీదికి దించాడు. చక్రం వెనక గుండ్రాయి పెట్టాడు. తర్వాత అంత పొడుగు మనిషీ మన్నులో వెల్లకిలా పడుకుని, కాళ్లు ముడుచుకుని, పాక్కుంటూ కారు కిందికి దూరాడు. గొలుసు గలగలమంది. చాసీ రింగుకు ఒకటి తగిలింది, రెండోదీ తగిలింది. మళ్లీ బయటకు రాలేదు. అక్కడే పడుకుని ఉన్నాడు.

"ఏమప్పా?" అన్నాను.

"అయిపాయె శెట్టెమ్మా," అన్నాడు కారు కింది నుంచే. "ఇంతే గదా పని. సూడు, ఎంతసేపు పట్టింది?"

చెయ్యి పట్టుకుని కారు కింది నుంచి బయటకు లాగి లేపి, తెల్ల చొక్కా వీపున అంటిన మన్ను దులిపాను. ఎంత దులిపినా అది పోలేదు.